కళా మ్యూజియం శిక్షణల్లో ఏది ఎంచుకోవాలి? తెలుగు రాష్ట్రాల ఉపాధ్యాయులకు ఒక పోలిక

మ్యూజియంలోని బొమ్మను, శిల్పాన్ని తరగతి గదిలో పాఠంగా మలచుకోవడం నేర్పే శిక్షణలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉపాధ్యాయులకు ముఖ్యంగా నాలుగు దారుల్లో దొరుకుతున్నాయి. కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ కింద పనిచేసే సాంస్కృతిక వనరుల, శిక్షణ కేంద్రం, అంటే అందరూ సీసీఆర్‌టీ అని పిలిచే సంస్థ, నడిపే రెసిడెన్షియల్ శిక్షణ మొదటిది. అమెరికాలోని పెద్ద మ్యూజియాలు ఇంటర్నెట్‌లో పెట్టిన కోర్సులు రెండవది. నగరాల్లోని మ్యూజియాలు, ఇంటాక్ వంటి వారసత్వ పరిరక్షణ సంస్థలు అప్పుడప్పుడు జరిపే ఒకటి రెండు రోజుల వర్క్‌షాపులు మూడవది. ప్రభుత్వం నిష్ఠ పేరుతో దీక్ష పోర్టల్‌లో అందించిన కళాసమ్మిళిత బోధన మాడ్యూల్ నాలుగవది.

వీటిని రోజులు, ఖర్చు, సర్టిఫికెట్ అనే మూడు లెక్కలతో పోల్చుకోవడం మన స్టాఫ్‌రూముల్లో అలవాటు. జాతీయ విద్యా విధానం 2020 ప్రతి ఉపాధ్యాయుడూ ఏటా కనీసం 50 గంటల వృత్తిపరమైన శిక్షణ పొందాలని చెప్పిన తరువాత గంటల లెక్క కూడా దానికి తోడైంది. ఆ లెక్కలు అవసరమే కాని, వాటితోనే ఎంపిక ముగిస్తే శిక్షణ సర్వీసు రికార్డుకు చేరుతుందే తప్ప తరగతిలోకి రాదు. మన బడుల్లో అత్యధిక భాగానికి నడిచి వెళ్లేంత దూరంలో కళా మ్యూజియం లేదు. ఉపాధ్యాయుడి చేతిలో ఉండేది నలభై ఐదు నిమిషాల పీరియడు, ఒక ఫోటో, నలభై మంది పిల్లలు. అందువల్ల ఇక్కడ ప్రతి శిక్షణనూ ముందుగా ఒక ప్రశ్నతో పరీక్షిస్తాను: ఒక కళాఖండం ముందు నిలబడి పిల్లలను ఎలా మాట్లాడించాలో అది నేర్పుతుందా, లేక ఆ కళాఖండం గురించి మనకు నాలుగు విషయాలు చెప్పి పంపిస్తుందా? రెండవదాన్ని చిన్నచూపు చూడనక్కరలేదు గాని, దానికి శిక్షణ అన్న పేరు అంతగా తగదు, అది ఉపన్యాసం.

ఒక శిల్పం, మూడు బోధనలు

శిక్షణల మధ్య అసలు తేడా వాటి కరపత్రాల్లో కనిపించదు. ఒకే వస్తువును వాటన్నిటి చేతికీ ఇచ్చి చూసినప్పుడు కనిపిస్తుంది. చెన్నై ఎగ్మోరులోని ప్రభుత్వ మ్యూజియంలో ఉన్న అమరావతి ఫలకాన్ని ఉదాహరణగా తీసుకుందాం. అమరావతి మహాస్తూపం చుట్టూ ఉండిన రాతి కంచెకు చెందిన గుండ్రటి ఫలకం అది. క్రీస్తు శకం రెండవ శతాబ్ది నాటిదని చరిత్రకారులు చెబుతారు. బుద్ధుణ్ణి చంపించాలన్న పన్నాగంతో దేవదత్తుడు నాళాగిరి అనే మదపుటేనుగును రాజగృహ వీధిలోకి వదిలించడం, ఆ ఏనుగు బుద్ధుడి ఎదుట మోకరిల్లడం అందులోని కథ. శిల్పి ఆ ఏనుగును ఒకే గుండ్రంలో రెండుసార్లు చెక్కాడు. ఒకవైపు అది జనం మీద పడి వస్తుంటుంది, మరొకవైపు అణకువతో వంగి ఉంటుంది. మధ్యలో చెదిరిపోతున్న మనుషులు, పైన మేడల్లోంచి తొంగిచూస్తున్న ముఖాలు.

ఈ ఫోటోను ఐదో తరగతి పిల్లల ముందు పెట్టి మాట్లాడమంటే, అందులో రెండు ఏనుగులు ఉన్నాయన్న మాట రావడం దాదాపు ఖాయం. ఆ మాట విన్న తరువాత ఉపాధ్యాయుడు ఏం చేయాలన్న చోటే శిక్షణలు విడిపోతాయి.

విజువల్ థింకింగ్ స్ట్రాటజీస్ అనే పద్ధతి అబిగైల్ హౌసెన్ అనే మనస్తత్వ పరిశోధకురాలు, 1983 నుంచి 1993 దాకా న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం, అంటే మోమా, విద్యా విభాగాన్ని నడిపిన ఫిలిప్ యెనవైన్ కలిసి రూపొందించినది. ఇందులో ఉపాధ్యాయుడు అడిగేవి మూడే ప్రశ్నలు: ఈ బొమ్మలో ఏం జరుగుతోంది, అలా అనడానికి బొమ్మలో నీకు ఏం కనిపించింది, ఇంకా ఏమేం కనిపెట్టగలం? పిల్లవాడు చెప్పినదాన్ని ఉపాధ్యాయుడు బొమ్మ మీద వేలితో చూపుతూ తన మాటల్లో తిరిగి చెబుతాడు, ఒకరి మాటను మరొకరి మాటతో కలుపుతాడు, కాని ఒప్పు తప్పు చెప్పడు, సమాచారమూ ఇవ్వడు. రెండు ఏనుగులన్న పిల్లవాడిని అలా ఎందుకు అనుకున్నావని అడుగుతాడు. ఒకటి కోపంగా ఉంది, ఇంకొకటి దండం పెడుతోంది అంటాడు వాడు. కాసేపటికి ఇంకో పిల్ల, రెండూ ఒకటేనేమో అంటుంది. అలా అనకపోనూవచ్చు. అననప్పుడు పీరియడు రెండు ఏనుగులతోనే ముగుస్తుంది, ఈ పద్ధతి దృష్టిలో అందులో లోపం లేదు. భాషా ఉపాధ్యాయులకు ఇది గొప్ప సాధనం. కారణం చెప్పి మాట్లాడటం, ఎదుటివారి మాట విని దానికి జోడించడం ఇంత సులువుగా అలవరచే పద్ధతి మరొకటి నాకు తెలియదు. శాతవాహనుల పాఠం చెబుతున్న సోషల్ మాస్టారికి మాత్రం ఇది సగం దారిలో చెయ్యి వదిలేసినట్టు ఉంటుంది.

వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదిక మీద ఉపాధ్యాయుల కోసం పెట్టిన కోర్సు, కళ ద్వారా విమర్శనాత్మక ఆలోచన నేర్పడమన్న పేరుతో ఉన్నది, వేరే దారి పడుతుంది. 1967లో హార్వర్డ్‌లో తత్వవేత్త నెల్సన్ గుడ్‌మన్ ప్రారంభించిన ప్రాజెక్ట్ జీరో అనే పరిశోధన బృందం తయారుచేసిన చిన్న చిన్న ఆలోచనా క్రమాలు దీనికి పునాది. వాటిలో అందరికీ తెలిసినది ఇలా సాగుతుంది: ఏం చూశాను, ఏం అనుకుంటున్నాను, ఏం తెలుసుకోవాలనుంది. నల్లబల్ల మీద మూడు వరుసలు గీసి పిల్లల మాటలు వాళ్లవిగానే రాస్తే, రెండు ఏనుగులన్నది మొదటి వరుసలో, ఒకటే ఏనుగు కావచ్చునన్నది రెండో వరుసలో, ఆ పెద్దాయన ఎవరు, ఏనుగు ఎందుకు ఆగిపోయింది అన్నవి మూడో వరుసలో చేరతాయి. మూడో వరుస రేపటి పాఠానికి ప్రవేశిక అవుతుంది. కథ, కాలం, స్తూపం, బౌద్ధం అక్కడ వస్తాయి, అదీ పిల్లలు అడిగారు గనుక. సమాచారాన్ని పూర్తిగా ఆపకుండా, ముందే కుమ్మరించకుండా, అడిగిన చోట ఇవ్వడం ఈ కోర్సు నేర్పే విద్య.

సీసీఆర్‌టీ తరహా శిక్షణ ఈ రెండింటికీ భిన్నంగా వస్తువు పుట్టిన నేల నుంచి మొదలవుతుంది. స్తూపం ఎలా ఉండేది, పలనాటి సున్నపురాయిని ఎలా చెక్కారు, జాతక కథలు ఏమిటి, ఆ శిల్పాలు చెన్నైకీ లండన్‌కీ ఎలా చేరాయి అన్నవి విద్వాంసుల నోట వింటారు. వీలైతే అటువంటి స్థలానికి తీసుకువెళతారు. ఆ మీదట దాన్ని పాఠ్యప్రణాళికలో ఎక్కడ చేర్చాలో కూర్చుని రాస్తారు. ఇలా నేర్చుకున్న ఉపాధ్యాయుడికి రెండు ఏనుగులన్న జవాబు వినగానే సరిదిద్దాలనిపిస్తుంది. విషయ జ్ఞానం పెరిగిన కొద్దీ మౌనం కష్టమవుతుంది. ఈ శిక్షణలో గమనించుకోవలసిన బలహీనత అదే.

రెసిడెన్షియల్ శిక్షణ: సీసీఆర్‌టీ

కమలాదేవి ఛటోపాధ్యాయ, కపిలా వాత్స్యాయన్‌ల చొరవతో 1979లో ఏర్పడిన సీసీఆర్‌టీ మ్యూజియం కాదు. అయినా మన ప్రాంత ఉపాధ్యాయులకు కళ మీద దీర్ఘకాలం, పద్ధతిగా దొరికే శిక్షణ ఇదే కాబట్టి పోలికలో దీనికి మొదటి చోటు ఇవ్వక తప్పదు. ప్రధాన కార్యాలయం ఢిల్లీలోని ద్వారకలో ఉంది. ఉదయపూర్, గువాహటిలతో పాటు హైదరాబాద్ మాదాపూర్‌లోనూ ప్రాంతీయ కేంద్రం ఉండడం మనకు కలిసివచ్చిన విషయం. దేశ సంస్కృతిని మొత్తంగా పరిచయం చేసే ఓరియెంటేషన్ కోర్సులు, చదువులో తోలుబొమ్మలాట పాత్ర, పాఠాల్లో చేతివృత్తుల సమ్మేళనం, ప్రకృతి, సాంస్కృతిక వారసత్వ పరిరక్షణలో బడుల పాత్ర వంటి అంశాల మీద వర్క్‌షాపులు అక్కడ జరుగుతాయి. మ్యూజియాలకు, కట్టడాలకు తీసుకువెళ్లడం వాటిలో భాగం. బడికి ఉపయోగపడే స్లైడ్లు, బొమ్మలు, పుస్తకాలతో కూడిన సాంస్కృతిక కిట్ ఈ సంస్థకు చాలాకాలంగా ఉన్న గుర్తింపు. శిక్షణకు దరఖాస్తు చేసే ముందు ఆ విడతలో కిట్ ఇస్తున్నారా అని అడగడంలో మొహమాటపడనక్కరలేదు.

దీని బలం తోటివారిలో ఉంది. ఒకే హాస్టల్లో వేర్వేరు రాష్ట్రాల ఉపాధ్యాయులతో రోజుల తరబడి ఉండడం వల్ల కలిగే ప్రయోజనం ఆన్‌లైన్ కోర్సులో ఎంత డబ్బు పెట్టినా దొరకదు. సీబీఎస్ఈ బడుల్లో పనిచేసేవారికి ఇది మరీ పనికొస్తుంది. రాష్ట్రాలను జతలుగా కలిపే ఏక్ భారత్ శ్రేష్ఠ్ భారత్ పథకంలో ఆంధ్రప్రదేశ్‌కు పంజాబ్, తెలంగాణకు హర్యానా జతగా ఉన్నాయి. ఆ జత రాష్ట్రపు కళతో ప్రాజెక్టు చేయించాలన్న నిబంధనను చాలా బడులు ఇంటర్నెట్ నుంచి దింపిన బొమ్మలను చార్టుకు అతికించి ముగిస్తున్నాయి. పాటియాలా నుంచో రోహ్‌తక్ నుంచో వచ్చిన ఒక ఉపాధ్యాయురాలితో పరిచయం ఉంటే ఆ ప్రాజెక్టు రూపమే మారిపోతుంది.

ఇబ్బందులు కూడా తక్కువేమీ కావు. నామినేషన్ ప్రధానంగా విద్యాశాఖ ద్వారా రావాలి. లేఖ ఆలస్యంగా రావడం, వచ్చినా హెడ్మాస్టరు రిలీవ్ చేయడానికి వెనకాడడం ఏకోపాధ్యాయ, ద్వయోపాధ్యాయ పాఠశాలల్లో సహజం. శిక్షణ భాష హిందీ, ఇంగ్లిష్‌ల మధ్య నడుస్తుంది. తెలుగు మాధ్యమంలో చదివి, తెలుగులోనే బోధించే వారికి మొదటి రెండు రోజులు కాస్త బరువుగా ఉంటాయి. హైదరాబాద్ కేంద్రంలో జరిగే విడతను కోరుకుంటే ప్రయాణం తగ్గుతుంది గాని భాష విషయంలో పెద్ద మార్పు ఉండకపోవచ్చు. అలాగే పట్టిక చూసినప్పుడు నాట్యం, సంగీతం, చేతిపని, కట్టడాలు, చిత్రకళ అన్నీ కలిసి ఉంటాయి. మ్యూజియం బోధన ఒక్కటే నేర్చుకోవాలనుకునేవారికి అందులో తమకు కావలసిన భాగం కొంతే. నా అభిప్రాయంలో ఇది సోషల్, తెలుగు ఉపాధ్యాయులకూ, డ్రాయింగ్, క్రాఫ్ట్ ఉపాధ్యాయులకూ మొదటి ఎంపిక కావాలి. గణితం, సైన్సు చెప్పేవారు తోలుబొమ్మల వర్క్‌షాపు దొరికితే వెళ్లవచ్చు. సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో తోలు మీద బొమ్మ గీసి, రంధ్రాలు పొడిచి, వెలుగుకు అడ్డం పెట్టే పనిలో కాంతి పాఠమంతా ఉంది.

ఆన్‌లైన్ కోర్సులు: మోమా, నేషనల్ గ్యాలరీ

కోర్సెరా వేదిక మీద మోమా 2013లో ఉపాధ్యాయుల కోసం మొదలుపెట్టిన ఆర్ట్ అండ్ ఎంక్వైరీ అనే కోర్సు ఈ రకంలో చాలామంది విన్న పేరు. ఒక కళాఖండాన్ని ఎలా ఎంచుకోవాలి, ఎలాంటి ప్రశ్న పిల్లల నోరు తెరిపిస్తుంది, ఎలాంటి ప్రశ్న మూయిస్తుంది, సమాచారాన్ని ఎప్పుడు ఇవ్వాలి, బొమ్మ చూసిన తరువాత ఏం పని చేయించాలి అన్నవి అందులో క్రమంగా వస్తాయి. సొంతంగా పాఠ ప్రణాళిక రాయించడం దీనికి ఉన్న మంచి గుణం. చిక్కు ఏమిటంటే ఉదాహరణలన్నీ ఆ మ్యూజియం సేకరణలోవి, అంటే యూరప్, అమెరికాల ఆధునిక కళ. గీతలూ రంగులూ తప్ప ఇంకేమీ లేని చిత్రం మీద అక్కడి పిల్లలు చెప్పే మాటలు విని మన తరగతికి అన్వయించుకోవడానికి ఉపాధ్యాయుడికి కొంత సొంత తెలివి కావాలి.

నేషనల్ గ్యాలరీ కోర్సు ఈ విషయంలో ఒక మెట్టు పైన ఉంటుంది. అసలు తరగతి గదుల్లో మామూలు ఉపాధ్యాయులు మామూలు పిల్లలతో ఆలోచనా క్రమాలను నడిపిస్తున్న వీడియోలు అందులో ఉన్నాయి. పిల్లలు మౌనంగా ఉండిపోయినప్పుడు, ఒకే పిల్లవాడు అన్నీ తానే చెబుతున్నప్పుడు ఉపాధ్యాయురాలు ఏం చేసిందో గమనించడం ఏ ఉపన్యాసం కన్నా ఎక్కువ నేర్పుతుంది. ఆ క్రమాలు ఏ బొమ్మకైనా సరిపోతాయి కాబట్టి వాన్ గో స్థానంలో లేపాక్షి పైకప్పు చిత్రాన్నో చేర్యాల పటాన్నో పెట్టుకోవడానికి అడ్డేమీ లేదు. రెండింటిలో ఒకటే చేయగలిగిన తీరిక ఉన్నవారికి నేను నేషనల్ గ్యాలరీదే సిఫారసు చేస్తాను. డ్రాయింగ్ ఉపాధ్యాయులకు మాత్రం మోమా కోర్సు ఎక్కువ నచ్చవచ్చు.

ఈ వేదికల్లో పాఠాలు చూడడం ఒకటి, సర్టిఫికెట్ పొందడం మరొకటి. సర్టిఫికెట్‌కు రుసుము ఉంటుంది. ఉచితంగా ఎంతవరకు చూడవచ్చునన్న నిబంధనలను వేదికలు తరచూ మారుస్తుంటాయి గనుక చేరే రోజున చూసుకోవాలి. రుసుము కట్టే ముందు, ఆ సర్టిఫికెట్‌లోని గంటలను మీ యాజమాన్యం, మండల విద్యాధికారి శిక్షణ గంటలుగా ఒప్పుకుంటారో లేదో అడిగి తెలుసుకోవడం మంచిది. ఒప్పుకోని చోట డబ్బు కట్టడంలో అర్థం లేదు; నేర్చుకోవలసినది పాఠాల్లో ఉంది, కాగితంలో లేదు.

ఇంగ్లిష్ వినడం కష్టమైనవారు ఒక పని చేయవచ్చు. ఒకే కాంప్లెక్స్‌లోని నలుగురు ఉపాధ్యాయులు కలిసి వారానికి ఒక వీడియో చూసి, అందులోని ప్రశ్నలను తెలుగులో తిరగరాసుకోవాలి. ప్రశ్నను తెలుగులోకి మార్చేటప్పుడు అది పరీక్ష ప్రశ్నలా మారిపోవడం మనకు తెలియకుండా జరుగుతుంది. ఏం కనిపిస్తోంది అన్నది, ఇందులో కనిపించు అంశములను పేర్కొనుము అయిందంటే పిల్లల నోళ్లు మూతబడతాయి. ఈ కోర్సులు ఒంటరిగా చేసేవారు మధ్యలో ఆపేయడం ఎక్కువ, కలిసి చేసేవారు పూర్తి చేయడం ఎక్కువ అన్నది ఉపాధ్యాయులెవరిని అడిగినా చెప్పే మాట.

ఒకటి రెండు రోజుల వర్క్‌షాపులు

హైదరాబాద్‌లో ఉన్నవారికి సాలార్‌జంగ్ మ్యూజియం మనసులో మెదిలే మొదటి పేరు. 1951లో ప్రజలకు తెరుచుకుని, 1961లో పార్లమెంటు చట్టం ద్వారా జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయిన ఆ మ్యూజియంలో గ్యాలరీలకు కొదవ లేదు. కొదవ లేకపోవడమే శిక్షణకు సమస్య. ఒక రోజు వర్క్‌షాపులో గ్యాలరీలన్నీ తిప్పి చూపిస్తే ఉపాధ్యాయులు అలసిపోయి గడియారం మోగేచోట ఫోటో దిగి ఇంటికి వస్తారు. ఎక్కడ జరిగే వర్క్‌షాపు అయినా ఆహ్వానంలోని కార్యక్రమ పట్టికను చూడండి: ఉదయం నుంచి సాయంత్రం దాకా రెండు మూడు వస్తువుల దగ్గరే ఎక్కువసేపు నిలబెడుతున్నట్టు ఉంటే వెళ్లండి. 1876లో బెంజోని చెక్కిన మేలిముసుగు రెబెక్కా చుట్టూ ఎప్పుడూ గుంపే; పాఠానికి మాత్రం ఫౌస్ట్ నాటకంలోని పాత్రలు ముందు మెఫిస్టొఫిలిస్, వెనుక మార్గరెట్టా ఉన్న చెక్క విగ్రహం ఎక్కువ పనికొస్తుందని నాకు అనిపిస్తుంది. వెనుకవైపు రూపం అద్దంలో మాత్రమే కనిపిస్తుంది కాబట్టి, ఒకరు చూసింది ఇంకొకరికి కనిపించకపోవడంతోనే మాట మొదలవుతుంది.

రాయలసీమ, నెల్లూరు జిల్లాల వారు హైదరాబాద్ వైపే చూడనక్కరలేదు. హిందూపురం, మదనపల్లె నుంచి బెంగళూరు దగ్గర; 2023లో ప్రారంభమైన మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫోటోగ్రఫీ, నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్ శాఖ రెండూ అక్కడే ఉన్నాయి. తిరుపతి, నెల్లూరు వారికి చెన్నై ఎగ్మోరు మ్యూజియం, ముట్టుకాడు దగ్గరి దక్షిణచిత్ర చేరువ. బడుల కోసం కార్యక్రమాలు చేయడం ఇవన్నీ అలవాటుగా పెట్టుకున్నవే, కాని ఉపాధ్యాయులకు ప్రత్యేకంగా వర్క్‌షాపు ఎప్పుడన్నది వారి ప్రకటనలు చూస్తూ ఉంటేనే తెలుస్తుంది. 1984లో ఏర్పడిన ఇంటాక్ తన వారసత్వ విద్యా విభాగం ద్వారా ఉపాధ్యాయులకు శిక్షణలు ఇస్తూ, బడుల్లో హెరిటేజ్ క్లబ్బులు పెట్టిస్తుంది. అందులో బొమ్మల కన్నా కట్టడాలు, చెరువులు, ఊరి చరిత్ర ఎక్కువ. ఊళ్లో పాత గుడో కోటో ఉన్న బడికి మ్యూజియం వర్క్‌షాపు కన్నా అదే మేలు.

ఒకరోజు వర్క్‌షాపును ఒంటరి ఎంపికగా నేను ఎవరికీ సూచించను. ఆన్‌లైన్ కోర్సు ముందే చేసినవారికి, నేర్చుకున్నదాన్ని అసలు వస్తువు ముందు పరీక్షించుకునే అవకాశంగా అది బాగా అక్కరకొస్తుంది.

నిష్ఠ మాడ్యూల్

దీని గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. తెలుగులో దొరకడం, ఉచితం కావడం, శాఖ గుర్తింపు ఉండడం దాని సుగుణాలు. పాఠానికి కళను జోడించడమంటే ఏమిటో తొలిసారి తెలుసుకునేవారికి సరిపోతుంది. మ్యూజియం వస్తువును చదవడం, దాని ముందు పిల్లలతో సంభాషణ నడపడం దాని ఉద్దేశం కాదు కాబట్టి దాన్ని ఈ విషయంలో శిక్షణగా లెక్కవేసుకోకూడదు.

విదేశాల్లోని తెలుగు ఉపాధ్యాయులకు

అమెరికా బడుల్లో పనిచేస్తున్న తెలుగువారికి లెక్క వేరు. టెక్సాస్‌లో తరగతి ఉపాధ్యాయులు ఐదేళ్లకు 150 గంటలు, న్యూయార్క్‌లో అటువంటి నియమం వర్తించేవారు ఐదేళ్లకు 100 గంటలు నిరంతర శిక్షణ చూపించాలి. మ్యూజియం వర్క్‌షాపు ఆ గంటల్లోకి వస్తుందా అన్నది వారికి మొదటి ప్రశ్న కావడం న్యాయమే. అక్కడ ఇంటికి దగ్గరలోని మ్యూజియంలో వేసవి శిక్షణ దొరికితే ఆన్‌లైన్ కోర్సు కన్నా దాన్నే ఎంచుకోవాలి, ఎందుకంటే అసలు వస్తువు ముందు నిలబడే వీలు వారికి ఉంది. 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం భారతదేశపు తొలినాళ్ల బౌద్ధ కళ మీద పెట్టిన ప్రదర్శనలో సూర్యాపేట జిల్లా ఫణిగిరి శిల్పాలు, అమరావతి శిల్పాలు ఉన్నాయి. ఆ మ్యూజియం తన సేకరణలో కాపీహక్కులు లేని వస్తువుల ఫోటోలను 2017 నుంచి ఎవరైనా ఉచితంగా వాడుకోవడానికి వదిలింది. వారాంతపు తెలుగు బడుల్లో స్వచ్ఛందంగా బోధించేవారు ఆ ఫోటోల్లో తెలుగు నేల వస్తువులను వెతికి, మూడు ప్రశ్నల పద్ధతితో తెలుగులో మాట్లాడించవచ్చు. ఆ పిల్లలకు కావలసింది తెలుగులో మాట్లాడటానికి ఒక కారణం.

ఎవరికి ఏది

ఇంతవరకు చెప్పినదాన్ని మీ పరిస్థితికి అన్వయించుకునేటప్పుడు మీరు చెప్పే సబ్జెక్టును, మీ బడికి దగ్గరలో ఉన్న వస్తువును కలిపి చూడండి. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సోషల్ చెబుతూ, సీసీఆర్‌టీ నామినేషన్ అందుకున్నవారు మరో ఆలోచన లేకుండా వెళ్లాలి. వెళ్లేముందు నేషనల్ గ్యాలరీ కోర్సులోని రెండు మూడు వీడియోలైనా చూసి వెళితే, అక్కడ విన్న సమాచారాన్ని తిరిగి ఉపన్యాసంగా అప్పజెప్పే ప్రమాదం తగ్గుతుంది. ప్రాథమిక పాఠశాలలో ఒక్కరే అన్నీ చెబుతున్నవారికి రిలీవ్ కావడమే కష్టం కాబట్టి విజువల్ థింకింగ్ మూడు ప్రశ్నలతో వారానికి ఒక బొమ్మ చొప్పున మొదలుపెట్టడం చాలు. దానికి అమెరికా వెళ్లి శిక్షణ పొందనక్కరలేదు. ప్రైవేటు బడిలో పనిచేస్తూ, వేసవిలో కూడా సెలవు దొరకనివారికి ఆన్‌లైనే దారి.

శిక్షణకు వెళ్లలేని బడి మొత్తానికి పనికొచ్చే నమూనా ఒకటి లండన్ నేషనల్ గ్యాలరీ దగ్గర ఉంది. 1995లో మొదలైన టేక్ వన్ పిక్చర్ కార్యక్రమంలో ఆ మ్యూజియం ఒక చిత్రాన్ని ఎంచుకుంటుంది. ప్రాథమిక పాఠశాలలు ఆ ఒక్క చిత్రం నుంచే కథలు, లెక్కలు, నాటకాలు, బొమ్మలు తయారుచేస్తాయి, మంచివాటిని మ్యూజియంలో ప్రదర్శిస్తారు. రాజమహేంద్రవరంలోని బడులు దామెర్ల రామారావు చిత్రశాల నుంచి ఒక చిత్రాన్ని ఇలా ఏడాదికి ఎంచుకోవడానికి అనుమతీ బడ్జెటూ పెద్దగా అక్కరలేదు. ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే, 1925లో, కన్నుమూసిన ఆ చిత్రకారుడి పేరు ఆ ఊరి పిల్లల్లో చాలామందికి వీధి పేరుగానైనా తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది. అలంపురం, కొండాపూర్, కొలనుపాక, నాగార్జునకొండ మ్యూజియాల దగ్గరి బడులకు కూడా ఇదే వర్తిస్తుంది. సాలార్‌జంగ్, నాగార్జునకొండ సేకరణలు కొంతమేర మ్యూజియమ్స్ ఆఫ్ ఇండియా పోర్టల్‌లో ఉన్నాయి గనుక ఫోటోలకు వెతుకులాట తక్కువ.

చేరే ముందు అడగవలసినవి

నిర్వాహకులకు ఫోన్ చేసినప్పుడు రుసుము, తేదీలతో ఆగకండి. శిక్షణలో నాతో నమూనా పాఠం చెప్పిస్తారా, చెప్పాక దాన్ని ఎవరు పరిశీలించి వ్యాఖ్యానిస్తారు అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నకు సూటిగా జవాబు వస్తే మిగతా లోపాలను క్షమించవచ్చు. ఒక జట్టులో ఎంతమంది ఉంటారు, వస్తువుల ఫోటోలను తరగతిలో వాడుకోవడానికి ఇస్తారా, శిక్షణ ముగిశాక సందేహం వస్తే ఎవరిని అడగాలి అన్నవి దాని తరువాత. ప్రభుత్వ ఉపాధ్యాయులు వేసవి సెలవుల్లో శిక్షణకు వెళుతున్నట్టయితే హాజరు ధ్రువపత్రంతో పాటు శాఖ ఉత్తర్వు ప్రతిని కూడా దగ్గర పెట్టుకోవాలి. ఆ రోజులకు సంపాదిత సెలవు జమ కోరడానికి అది లేకపోతే కుదరదు. సీబీఎస్ఈ బడుల వారు గంటల సంఖ్య ధ్రువపత్రం మీద స్పష్టంగా రాసి ఉందో లేదో చూసుకోవాలి.

శిక్షణ అయ్యాక పిల్లలను మ్యూజియానికి తీసుకువెళ్లాలనుకుంటే, సాలార్‌జంగ్‌కు, పురావస్తు శాఖ స్థల మ్యూజియాలకు శుక్రవారం సెలవని, ఢిల్లీ నేషనల్ మ్యూజియానికి సోమవారమని గుర్తుంచుకోవాలి. నాగార్జునకొండకు లాంచీ మీద వెళ్లాలి కాబట్టి ముందురోజు నీటిమట్టం, లాంచీ వేళలు కనుక్కోకుండా బస్సు మాట్లాడవద్దు.